ఓడినవాళ్లే రిఫరీ

ఫిబ్రవరి 8

అసోసియేషన్ సెక్రటరీ గారు ఇవాళ తేల్చేశారు. దేశం టీమ్‌లో నలుగురు. ముగ్గురి పేర్లు ఖాయం. నాలుగో చోటు నాదో చెల్లిదో వచ్చే వారం టోర్నమెంట్ తేలుస్తుందట. ఎవరు ఎక్కువ ముందుకు వెళ్తే వాళ్లకి. ఇద్దరం ఒకే రౌండులో ఆగిపోతే ర్యాంకింగ్ చూస్తారు, అందులో నేను పైన ఉన్నాను. ఇదంతా చెప్పి, ఒకే ఇంటికి వస్తోంది కదమ్మా, ఎవరికొస్తే ఏముంది అని నవ్వారు. ఆయనకి తోడబుట్టినవాళ్లు లేరనుకుంటాను.

నాకు ముప్ఫై ఒకటి. చెల్లికి ఇరవై రెండు. దానికి ముందు ముందు చాలా అవకాశాలున్నాయి. నాకు ఇదొక్కటే. ఆ సంగతి మెట్లు దిగినప్పుడల్లా మోకాలు గుర్తుచేస్తోంది. ఇన్నేళ్లుగా రాకెట్ సంచీ భుజానేసుకుని ఊరూరా తిరిగి స్క్వాష్ ఆడాను. దేశం పేరు రాసి ఉన్న చొక్కా ఒక్కసారి కూడా వేసుకోలేదు. అది నాకు కావాలి. సిగ్గు లేకుండా రాస్తున్నాను, కావాలి.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి నర్సు బట్టలు కూడా మార్చకుండా నా మోకాలికి పట్టీ కట్టింది. ఒకే ఒరలో రెండు కత్తులెలా పెడతారే అని కాసేపు సెక్రటరీని తిట్టింది. తరువాత పట్టీ బిగుతుగా ఉందా అని అడిగింది. ఎవరు గెలవాలో మాత్రం అనలేదు. చెల్లి పక్కనే కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది.

ఫిబ్రవరి 12

ప్రాక్టీసులో చెల్లిని మూడు గేములూ ఓడించాను. కోర్టు బయటికొస్తూ, అక్కా నీ మోకాలు తలుపు బందులా కీచుమంటోంది, కాస్త నూనె వేయించరాదూ అంది. ఓడిపోయి కూడా దానికి నోరు మూతపడదు.

ఒక బంతి మాత్రం గుర్తుండిపోయింది. ముందు గోడ మూలలో మెల్లగా వేశాను. చెల్లి ఎక్కడినుంచో ఉరికొచ్చి ఎత్తింది, ఎత్తగానే తనే చెయ్యి పైకెత్తింది. రెండుసార్లు పడింది, నీదే పాయింట్ అంది. నాకు అసలు తెలియలేదు. ఇది నాన్న పెట్టిన నియమం. బంతి నేలమీద రెండోసారి పడేలోపు కొట్టాలి, పడ్డాక కొడితే నాటప్, చెల్లదు. ముందు మూలలో ఆ రెండో పడటం కొట్టినవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన వాదన. అందుకని కొట్టినవాళ్లే చెప్పాలి. చిన్నప్పుడు చెప్పకుండా దాస్తే ఆ రోజుకి ఆట బంద్.

దాంతో మా ఇద్దరికీ ఒక అలవాటు పడింది. అనుమానం వస్తే బంతిని చూడం, ఎదుటివాళ్ల మొహం చూస్తాం. చెయ్యి లేవకపోతే బంతి మంచిదే.

ఫిబ్రవరి 17

టోర్నమెంట్ మొదలైంది. ఇద్దరం గెలిచాం.

ఈ టోర్నమెంట్లలో ఆనవాయితీ ఒకటుంది, కొత్తవాళ్లు విని నమ్మరు. ఓడినవాళ్లే తరువాతి మ్యాచ్‌కి రిఫరీ. చెమట ఆరకముందే గ్లాసు గోడ వెనక కుర్చీలో కూర్చుని ఎవరిదో గెలుపుకి లెక్కలు చెప్పాలి. పెద్ద పోటీల్లో జీతాలిచ్చి రిఫరీలని పెడతారు. మా దగ్గర ఇద్దరున్నారు, సెమీస్ నుంచి వాళ్లు వస్తారు. అంతవరకు ఏడ్చేవాళ్ల చేతే తీర్పులు చెప్పిస్తారు. ఇవాళ ఒకమ్మాయి ముక్కు చీదుకుంటూ నా మ్యాచ్‌కి కూర్చుంది. పాపం, స్కోరు రెండుసార్లు తప్పు చెప్పింది.

ఫిబ్రవరి 19

సెమీస్‌కి వచ్చాం. ఇద్దరమూ. ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఉప్పు అందించమనడం తప్ప.

ఫిబ్రవరి 20, ఉదయం

ముందు నా మ్యాచ్, టాప్ సీడ్‌తో. దాని వెంటనే చెల్లి మ్యాచ్, కొంగతో. కొంగ అని మేము పెట్టిన పేరు. రెండడుగులేస్తే కోర్టు అయిపోతుంది ఆవిడకి. టీమ్‌లో ఆవిడ చోటు ఎప్పుడో ఖాయమైంది, కాబట్టి ఆవిడకి ఇది ఫైనల్ కోసం ఆట, అంతే.

చెల్లి పొద్దున్నే తన గ్రిప్ టేప్‌తో నా రాకెట్ పిడికి కొత్తగా చుట్టి పెట్టింది. నేను అడగలేదు. ఇలాంటి పనులు చేస్తుందనే దాన్ని ద్వేషించడం కష్టం.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

ఓడిపోయాను. నాలుగో గేమ్‌లో మోకాలు మొండికేసింది. సాకు కాదు, మోకాలు బాగున్నా ఓడేదాన్నేమో.

ఇప్పుడు చెల్లి ఓడితే ఇద్దరం సమానం, చోటు నాది. గెలిస్తే దానిది. ఇది చాలదన్నట్టు సెక్రటరీ గారు వచ్చారు. జీతం రిఫరీల్లో ఒకాయన జ్వరంతో పడుకున్నాడట, రెండో ఆయన మగవాళ్ల కోర్టులో ఉన్నాడట. ఓడింది నువ్వే కదా, ఆనవాయితీ ప్రకారం నువ్వే కూర్చోమ్మా అన్నారు. అది నా చెల్లెలు సార్ అన్నాను. అయితే వాళ్లనే అడుగుదాం అన్నారు.

కొంగ నవ్వింది. చెల్లి ఓడితే అక్కకే చోటు, ఇంతకంటే నాకేం కావాలి, కూర్చోనివ్వండి అంది. చెల్లి రాకెట్ తీగలు సరిచేసుకుంటూ, అక్కే కూర్చోవాలి, అక్కలా బంతిని ఎవరు చూస్తారు అంది. నాన్న వైపు చూశాను. ఆయన నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు.

పిలుస్తున్నారు. ఈ నాలుగు ముక్కలూ మెట్ల మీద కూర్చుని రాశాను.

ఫిబ్రవరి 20, సాయంత్రం

చెల్లి గెలిచింది. ఇవాళ ఇంతే.

ఫిబ్రవరి 21

ఫైనల్లో చెల్లి చిత్తుగా ఓడింది. దాని గురించి కాదు, నిన్నటి గురించి రాయాలి. రాయకపోతే లోపల కుళ్లుతుంది.

రెండు రెండు గేములు అయ్యాయి. ఐదో దాంట్లో ఒకరి వెంట ఒకరు పాయింట్లు చేసుకుంటూ వచ్చారు. నేను నోటితో స్కోరు చెప్తున్నాను, లోపల ఇంకొక గొంతు కొంగా కొట్టు, కొంగా కొట్టు అంటోంది. అవును. సొంత చెల్లెలు ఓడిపోవాలని కోరుకుంటూ కుర్చీలో కూర్చున్నాను. వాళ్లు లెట్ అడిగి పాయింట్ మళ్లీ ఆడిస్తారా అన్న ప్రతిసారీ నా గొంతులో తేడా బయటపడుతుందేమోనని భయం. అందుకని మరీ బిగుసుకుపోయి కూర్చున్నాను. వెనక జనం గుసగుసలు వినబడుతున్నాయి. చోటు కోసం చెల్లిని తొక్కేస్తుందేమో చూడండి అని ఎవరో అన్నారు, మరొకరు నవ్వారు. అది నా వీపులో దిగింది.

పది-తొమ్మిది, చెల్లికి మ్యాచ్ బాల్. కొంగ ముందు మూలలో మెల్లగా వేసింది. చెల్లి పరుగెత్తి, చివరికి బోర్లా పడిపోతూ రాకెట్ చాచి ఎత్తింది. బంతి ముందు గోడకి తగిలి వెనక్కి వచ్చింది. కొంగ దాన్ని కొట్టలేదు. రాకెట్ దించి నా వైపు తిరిగింది, నాటప్ కదా అని చూపుతో అడిగింది.

నాటపే. నేను చూశాను. రాకెట్ తగలడానికి ముందు బంతి రెండోసారి నేలకి తగిలింది. నోరు తెరిచాను కూడా.

కానీ నా కళ్లు వాటంతటవే చెల్లి మొహం మీదికి పోయాయి. పాత అలవాటు. అది నేలమీదే ఉంది, తల మాత్రం ఎత్తి నన్ను చూస్తోంది. చెయ్యి లేవలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. వెనక గుసగుసలు ఆగిపోయాయి. నాటప్ అంటే పది-పది అవుతుంది, అక్కడినుంచి వరసగా రెండు పాయింట్ల తేడా వస్తేనే గెలుపు, ఆ తరువాత అది ఓడితే అక్క లాగేసుకుంది అంటారు, జన్మంతా అంటారు. ఆ భయం ఒక్కటే ఉంది బుర్రలో, ఇంకేమీ లేదు. గుడ్ అన్నాను. గేమ్, మ్యాచ్ అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు నా భుజం తట్టి, నిన్ను చూసి అందరూ నేర్చుకోవాలమ్మా అన్నారు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

నాకు చెల్లి మీద ఒళ్లు మండుతోంది. నేను భయపడ్డాను సరే. దానికేమైంది? చెయ్యెత్తడానికి ఎంత బరువు?

ఫిబ్రవరి 22

నాన్న కారు తుడుస్తూ ఒక్క మాట అడిగాడు. తీర్పు చెప్పే ముందు దాని వైపు ఎందుకు చూశావు అని. చూడలేదన్నాను. ఆయన బకెట్‌లో గుడ్డ పిండి మళ్లీ తుడవడం మొదలెట్టాడు.

ఫిబ్రవరి 24

క్లబ్బులో కొంగ నన్ను ఆపింది. లాకర్ల దగ్గర ఇంకెవరూ లేరు. ఆవిడ గొంతు పెంచలేదు, పెంచితే బాగుండేది. నీ చోటు నువ్వు వదులుకున్నావు, అది నీ ఇష్టం, కానీ ఆ ఫైనల్ నాది, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నాది తీసి మీ చెల్లికి ఇచ్చావు అంది. నాకు కనిపించింది చెప్పాను అన్నాను. అయితే నీ కళ్లు చూపించుకో అని వెళ్లిపోయింది.

ఇంతవరకు నేనేదో త్యాగం చేశానన్న ఊహ ఒక మూల ఉండేది. ఎందుకు దాచడం, ఉండేది. ఆవిడ దాన్ని కూడా తీసుకుపోయింది.

ఫిబ్రవరి 26

జాబితా పెట్టారు. నాలుగో పేరు చెల్లిది. కింద స్టాండ్‌బై అని నా పేరు. అమ్మ ఇద్దరినీ ఒకేసారి దగ్గరికి తీసుకోబోయింది. చెల్లి స్నానానికని వెళ్లిపోయింది.

మార్చి 9

క్యాంపు. చెల్లికి ప్రాక్టీస్ పార్ట్‌నర్‌గా నన్ను రమ్మన్నారు. ఇద్దరికీ ఒకే గది, రెండు మంచాలు, మధ్యలో ఒక స్టూలు. టీమ్ కోచ్‌ని అందరూ ఈల మాస్టారు అంటారు. స్క్వాష్‌లో ఈలతో పనే లేదు, అయినా మెడలో వేలాడుతూనే ఉంటుంది.

చెల్లి ఆటలో ఏదో పురుగు పట్టింది. మొదటి గేమ్‌లోనే నాలుగైదుసార్లు చెయ్యెత్తింది. వాటిల్లో రెండు ఖచ్చితంగా మంచి బంతులు. మంచిదే కదే అంటే, కాదక్కా రెండోది తగిలింది అంటుంది. నా మొహం చూడదు.

మార్చి 13

ఇంకా ఎక్కువైంది. ముందు మూలలో పడే ప్రతి బంతికీ చెయ్యెత్తుతోంది. ఇవాళ అసలు పరుగెత్తడమే మానేసింది, ఎత్తాక మళ్లీ చెయ్యెత్తాల్సి వస్తుందని కాబోలు. టీమ్‌లో ఒకమ్మాయి హరిశ్చంద్రుడికి మేనకోడలు దొరికింది అని వెక్కిరించింది. అందరూ నవ్వారు, కొంగ తప్ప. చెల్లి కూడా నవ్వలేదు. అది నవ్వి చాలా రోజులైంది.

నాకు కారణం తెలుసు. ఈ ఇంటి మనిషిని, ఎలా తెలియదు. అప్పుడు ఎత్తని ఒక్క చెయ్యికి బదులు ఇప్పుడు రోజూ ఎత్తుతోంది.

మార్చి 16

ఈల మాస్టారు పిలిచి తలుపు వేశారు. మీ చెల్లి ఇలా ఆడితే మొదటి రౌండులోనే ఇంటికొస్తుంది, జాబితాలో పేరు మార్చడానికి నాకింకా వీలుంది, నువ్వు సిద్ధంగా ఉండు అన్నారు. చొక్కా సైజు అడిగారు. మీడియం అని చెప్పాను.

మార్చి 17

మీడియం అని చెప్పాను. ఆ మాట ఎంత తొందరగా వచ్చిందో.

నేను ఏమీ చేయక్కర్లేదు. అదే గమ్మత్తు. నోరు కదపకుండా కూర్చుంటే చాలు, చొక్కా దానంతటదే వస్తుంది. ఈసారి ఎవరూ లాగేసుకుంది అనరు. చెల్లి ఆడలేకపోయింది, అక్క వెళ్లింది అంటారు. మోకాలు కూడా రెండు రోజులుగా బాగుంది, పాడుది.

పొద్దున్న చెల్లి బూటు లేసులు కట్టుకుంటూ, అక్కా నా బదులు నువ్వెళ్తే ఎలా ఉంటుంది అంది. తమాషాకి అంటోందేమో అనుకున్నాను. కాదు. నిన్న ఆయన నిన్ను పిలిచారని తెలుసు అంది. నోరు మూసుకుని ప్రాక్టీసుకి రా అన్నాను. అది నిజంగానే నోరు మూసుకుని వచ్చింది. దానికి ఎదురు మాట రాకపోవడం నేను ఈ జన్మలో చూడలేదు.

మార్చి 18, మధ్యాహ్నం

చెప్పేశాను.

పొద్దున చెల్లిని కొంగతో ఆడమన్నారు. మేమంతా గ్లాసు వెనక నిలబడ్డాం. చెల్లి ముందు మూలలో ఒక బంతి ఎత్తింది. నేలకీ బంతికీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది, గుడ్డివాళ్లకి కూడా తెలుస్తుంది. అది చెయ్యెత్తింది. కొంగ ఆట ఆపి, మంచిదే, ఆడు అంది. చెల్లి తల అడ్డంగా ఊపి సర్వీస్ అందుకునే చోటికి నడిచింది. ఈల మాస్టారు నా వైపు చూసి, చూశావుగా అన్నట్టు కళ్లెగరేశారు.

నేను తలుపు తోసుకుని కోర్టులోకి వెళ్లాను. ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లలేదు. సెమీస్‌లో ఆ చివరి బంతి నాటప్, నేను కళ్లారా చూశాను, చూసి కూడా గుడ్ అన్నాను, జనం ఏమంటారోనన్న భయంతో అన్నాను అని చెప్పాను. అరిచానో మామూలుగానే చెప్పానో గుర్తులేదు. గోడలు ఆ మాటల్ని తిరిగి నాకే వినిపించాయి.

కొంగ రాకెట్ మరో చేతిలోకి మార్చుకుంది. ఈల మాస్టారు నన్ను పక్కకి లాగి, బుద్ధుందా నీకు, రిఫరీగా ఉండి తెలిసి తప్పు చెప్పానంటే నిన్ను ఆడనిస్తారా అన్నారు. ఆడనివ్వరని తెలుసు సార్ అన్నాను. అయితే నాలుగు రోజులు ఆగి చెప్పాల్సింది అన్నారు. మంచి మనిషే. నాలుగు రోజులాగితే చొక్కా నా ఒంటిమీద ఉండేది, అప్పుడు ఈ నోరు తెరుచుకునేది కాదు.

మార్చి 18, సాయంత్రం

చెల్లి ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే కావలించుకుంటుందని. నా బొంద.

గదిలోకి వచ్చి నా సంచీని మంచం మీదినుంచి కిందికి తోసింది. ఆ బంతికి నేను బోర్లా పడి ఉన్నాను, నాకెలా తెలుస్తుంది, నా మొహం నేలమీద ఉంది, బంతి ఎక్కడుందో కూడా తెలియదు అంది. తెలియకే నీ వైపు చూశాను, నువ్వు చెప్తావని, నువ్వు కుర్చీలో ఉన్నావు కాబట్టి అంది. నేను నోరు తెరిచి అంతసేపు చూసేసరికి దానికి అనుమానం పుట్టిందట. గుడ్ అన్నా ఆ అనుమానం పోలేదట. అప్పటినుంచి ప్రతి బంతీ రెండుసార్లు పడినట్టే అనిపిస్తోందట. పిచ్చెక్కుతోందేమో అనుకుందట.

నేను దాని చెయ్యి లేవలేదని ఇన్నాళ్లూ లోపల తిట్టుకున్నాను. దానికి తెలియనే తెలియదు. ఈ ముక్క నా బుర్రకి తట్టలేదు.

తరువాత అన్నదే అసలు దెబ్బ. పది-పది అయ్యేది అంతే కదా, ఆ తరువాత నేను గెలిచేదాన్నేమో, ఆ రెండు పాయింట్లు ఆడనివ్వకుండా నువ్వెవరు నాకు ఇవ్వడానికి అంది. అది ఓడిపోవాలని కోరుకున్నాను, భయపడి గెలిపించాను, రెంటిలోనూ అది గెలవగలదన్న ఆలోచనే నాకు రాలేదు.

దుప్పటి తీసుకుని వేరే గదికి వెళ్లిపోయింది. ఆ గది కొంగది.

మార్చి 24

అసోసియేషన్ గదిలో పొడుగాటి బల్ల. అవతల సెక్రటరీ గారు, ఇంకో ఇద్దరు. నన్ను చూసి అందరూ నేర్చుకోవాలన్న మనిషి ఇవాళ నా కళ్లలోకి చూడలేదు. ఏడాదిపాటు ఏ పోటీలోనూ ఆడకూడదు. రిఫరీ కుర్చీలో ఎప్పటికీ కూర్చోకూడదు. సంతకాలైపోయిన ఫలితం మారదు, చెల్లి చోటు చెల్లిదే.

ఏడాది తరువాత ముప్ఫై రెండు, ఈ మోకాలు. అంటే అయిపోయింది. రాసి చూసుకుంటే తెలుస్తుందని రాశాను. అయిపోయింది.

బయట నాన్న ఉన్నాడు. సంచీ నా చేతిలోంచి తీసుకున్నాడు. చిన్నప్పటినుంచి ఎంత బతిమాలినా మోసేవాడు కాదు, ఎవరి సంచీ వాళ్లే మోసుకోవాలనేవాడు. ఇంటి దగ్గర, ఆకలేస్తోందా అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

మార్చి 29

ఫోన్ చేశాను. చెల్లి ఎత్తలేదు.

ఏప్రిల్ 1

ఎత్తలేదు.

ఏప్రిల్ 4

నిన్న క్యాంపులో చెల్లీ కొంగా ఆ సెమీస్‌ని పది-పది నుంచి మళ్లీ ఆడారట. కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదట. ఈల మాస్టారిని కూడా బయటికి పంపి తలుపు వేసుకున్నారట. చెల్లి అమ్మకి ఫోన్‌లో చెప్పింది. ఎవరు గెలిచారే అని అమ్మ అడిగితే చెప్పలేదట. నవ్విందట.